డెక్కులో దాగిన నీరు



ఏప్రిల్ 15న మన తూర్పు తీరంలో వేట ఆగుతుంది. జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరబోట్లూ ఇంజను బోట్లూ ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక సముద్రానికి మనం ఇచ్చే విరామం అది. బోటు బాగుచేసుకోవడానికీ అదే అదను. భీమిలి వెళ్ళినా, ఉప్పాడ వెళ్ళినా, నిజాంపట్నం వెళ్ళినా ఆ రెండు నెలలూ వలలు అల్లుకునేవాళ్ళు, ఇంజన్లు విప్పేవాళ్ళు, బోట్లకు రంగులేసేవాళ్ళు కనిపిస్తారు. ఆ రంగు దగ్గరే నాకొక మాట చెప్పాలనుంది. పాత ఫైబరు బోటు డెక్కుకు రంగు వేయడమనేది అన్నిటికన్నా చివరి పని. దానికి ముందు డెక్కు లోపలికి నీళ్ళు ఏ దారిన దిగుతున్నాయో కనిపెట్టాలి. దిగిన తేమను పూర్తిగా ఆరబెట్టాలి. ఆ దారి మూసెయ్యాలి. ఈ మూడూ చెయ్యకుండా ఎంత ఖరీదైన రంగు వేసినా, లోపలి కుళ్ళుకు ముసుగు వేసినట్టే అవుతుంది.

అసలు ఫైబరు అంటే ఏమిటో ముందు చూద్దాం. గాజును సన్నని పోగులుగా తీస్తారు. ఆ పోగులను రెజిన్‌లో తడిపి, పొర మీద పొర వేసి గట్టిపడనిస్తారు. గాజుపీచు బలాన్నిస్తుంది, రెజిన్ దాన్ని పట్టి ఉంచుతుంది. 1942లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రే గ్రీన్ అనే ఆయన పాలియెస్టర్ రెజిన్‌తో ఒక చిన్న తెరచాప పడవ చేశాడు. ఫైబరు పడవల చరిత్రలో తొలి అడుగుల్లో అదొకటి. మన తీరంలో ఈ మార్పు 1980లలో వచ్చింది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. రేవు లేని చోట్ల కెరటాలు దాటి నేరుగా ఇసుక మీదికి వచ్చే బోట్ల నమూనాలను ఆ కార్యక్రమం తయారుచేసి, మన మత్స్యకారులతో కలిసి పరీక్షించింది. తెప్పలకు కావలసిన దుంగలు దొరకడం కష్టమవుతున్న రోజులవి. అందుకే ఫైబరు బోటు మనవాళ్ళకు నచ్చింది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చాక, సాయంగా అందిన బోట్లలోనూ ఫైబరు బోట్లు చాలా ఉన్నాయి. ఆనాటి బోట్లకు ఇప్పుడు ఇరవై ఏళ్ళు దాటాయి. పాత బోటు సంగతి ఈ రోజు ఇంత గట్టిగా మాట్లాడుకోవలసి రావడానికి కారణం అదే.

ఫైబరుకు చెద పట్టదు, తుప్పు పట్టదు, పుచ్చిపోదు అని మనం అనుకుంటాం. గాజుపీచు విషయంలో అది నిజమే. కానీ డెక్కు అంతా గాజుపీచే కాదు. మనిషి నడిచే పలక గట్టిగా ఉండాలి, బరువు తక్కువగానూ ఉండాలి. పలక మందం రెట్టింపు చేస్తే దాని బిగువు ఎనిమిది రెట్లవుతుంది. ఆ మందమంతా గాజుపీచుతోనే తెస్తే బోటు పైభాగం బరువెక్కి, కెరటంలో ఊగిపోతుంది. అందుకని పైన ఒక ఫైబరు పొర, కింద ఒక ఫైబరు పొర వేసి, మధ్యలో తేలికైన పలక పెడతారు. చాలా బోట్లలో అది ప్లైవుడ్. కొన్నిటిలో ఫోమ్. విహారానికి కట్టే పడవల్లో బాల్సా అనే తేలిక కర్ర కూడా వాడతారు. పై పొర, మధ్య పలక, కింది పొర ఒకదానికొకటి అతుక్కుని ఉన్నంతకాలమే డెక్కుకు బలం. మధ్య పలక నాని విడిపోయిందా, పైన మిగిలేది రెండు మూడు మిల్లీమీటర్ల పొర. వల లాగుతూ నలుగురైదుగురు ఒకేసారి బరువు మోపేది దాని మీదే.

ఇక నీరు ఎలా దిగుతుంది? బోల్టు బిగించడానికి డెక్కులో వేసిన ప్రతి రంధ్రమూ నీటికి ఒక దారే. తాడు కట్టే గుంజ దగ్గర, పట్టుకునే కమ్మీల కాళ్ళ దగ్గర, చేపల అర మూత చుట్టూ, ఇంజను అమరిక చుట్టూ ఆ రంధ్రాలుంటాయి. బోటు ఊగినప్పుడల్లా బోల్టు కాస్త కదులుతుంది. దాని చుట్టూ పెట్టిన సీలెంట్ కొన్నేళ్ళకు ఎండి పగులుతుంది. లంగరు పడిన చోట పైపూతలో నక్షత్రం ఆకారంలో సన్నని పగుళ్ళు వస్తాయి. అలాంటి చోటునుంచి నీరు లోపలికి పాకుతుంది. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కర్రను కుళ్ళబెట్టడంలో ఉప్పునీటి కంటే వాననీరే ముందుంటుంది. కుళ్ళు పుట్టించే బూజుకు ఉప్పు అంతగా గిట్టదు, మంచినీళ్ళు బాగా పడతాయి. అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాను వానలకు ఒడ్డున కప్పు లేకుండా పడి ఉన్న బోటు, వేటకు వెళ్ళే బోటు కంటే ఎక్కువ దెబ్బతినడానికి కారణం ఇదే.

బోటు మునగకుండా డెక్కు కింద నింపిన ఫోమ్ కూడా ఏళ్ళ తరబడి నీటిలో ఉంటే నీరు పీల్చుకుంటుంది. బోటు మునుపటికన్నా లోతుగా తేలుతోందని, ఒడ్డుకు లాగడానికి ఇంకో ఇద్దరు మనుషులు కావలసి వస్తోందని అనిపిస్తే, ఆ బరువు నీటిదేనేమో చూడండి.

జబ్బు కనిపెట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ముందు చెప్పులు విడిచి డెక్కంతా నెమ్మదిగా నడవండి. ఎక్కడ పాదం కింద పలక కొంచెం దిగుతుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తరువాత ఒక చిన్న సుత్తి తీసుకోండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం కదా, అలా ప్రతి జానెడు దూరానికీ మెల్లగా తట్టండి. గట్టిగా ఉన్న చోట ఖంగున పలుకుతుంది. లోపల విడిపోయిన చోట బొదబొదలాడే మూగ చప్పుడు వస్తుంది. ఆ రెంటికీ నడుమ గీత గీసుకుంటూ పోతే కుళ్ళు ఎంతమేర పాకిందో డెక్కు మీదే పటంలా కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే గీత లోపల సన్నని డ్రిల్లుతో పై పొర దాటేంతవరకే ఒక రంధ్రం వేసి, బయటికి వచ్చే పొట్టు చూడండి. తెల్లగా, పొడిగా ఉంటే పలక బాగున్నట్టు. నల్లగా, తడిగా, పుల్లటి వాసనతో వస్తే దాన్ని తీసెయ్యవలసిందే. రంధ్రంలోకి రెజిన్ ఎక్కించి సరిపెడతామని కొందరంటారు. తడి కర్రకు రెజిన్ అంటుకోదు. ఆ పద్ధతి చేసేదల్లా నీటిని లోపలే బంధించడం.

కోయడానికి ముందు డెక్కు అడుగున ఏముందో చూసుకోండి. డీజిలు ట్యాంకు, వైర్లు, పైపులు ఉంటే తీసెయ్యండి. డెక్కు వంపు మారకుండా కిందనుంచి కర్రలతో ఊతమివ్వండి. కటింగ్ మెషీన్ బ్లేడు లోతును పై పొర మందానికి మాత్రమే సరిచూసుకుని, గీసిన గీత వెంట కోయండి. కింది పొర తెగకూడదు. అది మిగిలితే కొత్త పలకకు అదే ఆధారం. పై పొర ముక్కను ఉలితో మెల్లగా లేపి పక్కన పెట్టండి. చాలాసార్లు దాన్నే శుభ్రం చేసి తిరిగి వాడుకోవచ్చు. లోపల కుళ్ళిన కర్రనంతా గోకి తీయండి. గట్టి కర్ర తగిలాక కూడా అన్ని వైపులా ఇంకో నాలుగంగుళాలు తీస్తే మంచిది, ఎందుకంటే తేమ కంటికి కనిపించిన దానికంటే ముందుకే పోయి ఉంటుంది.

ఇప్పుడు ఆరబెట్టడం. మరమ్మతులు విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఏప్రిల్ చివరి ఎండ ఈ పనికి దేవుడిచ్చిన వరం, కానీ సముద్రపు ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ, రాత్రి మంచు కూడా పడుతుంది. పగలు తెరిచి ఉంచండి, సాయంత్రం కాగానే టార్పాలిన్ కప్పండి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. తెల్లని ప్లాస్టిక్ కాగితం ముక్కను ఆ చోట పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసెయ్యండి. మర్నాడు చూసినప్పుడు కాగితం లోపలి వైపు చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆరలేదు. చెమ్మ లేకపోతేనే తర్వాతి పనికి దిగండి. మేస్త్రి తొందరపెట్టినా, పక్క బోటు రంగు పూర్తయి మెరిసిపోతున్నా, ఈ విషయంలో మాత్రం రాజీపడకండి.

ఆరిన తరువాత పాత ఫైబరు అంచును గ్రైండరుతో ఏటవాలుగా అరగదీయాలి. పాత ఫైబరు పూర్తిగా గట్టిపడిపోయిన వస్తువు. కొత్త రెజిన్ దానితో రసాయనికంగా కలిసిపోదు, గరుకు ఉపరితలాన్ని పట్టుకుని నిలబడుతుంది. అందుకే పట్టుకోవడానికి ఎక్కువ వైశాల్యం కావాలి. ఈ లెక్క రాసుకోండి. పొర మందానికి 12 రెట్లు వెడల్పుగా వాలు ఉండాలి. పొర 3 మిల్లీమీటర్లుంటే వాలు 36 మిల్లీమీటర్లు. 40 లేదా 60 నంబరు గరుకు కాగితం వాడండి. నున్నగా మెరిసే చోటు ఒక్కటి కూడా మిగలకూడదు. అరగదీశాక దుమ్ము తుడిచి, అసిటోన్‌తో శుభ్రమైన గుడ్డ తడిపి తుడవండి. ఆపైన ఆ చోటును చేత్తో ముట్టుకోకండి. చేతి జిడ్డు చాలు, పట్టు తప్పడానికి.

కొత్త పలకకు మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. మన దేశంలో దానికి ఐఎస్ 710 ప్రమాణం ఉంది. షీటు మీద ఆ గుర్తు చూసి కొనండి. ఇంటి బీరువాలకు వాడే ప్లైవుడ్‌ను బోటు మీదికి తేవద్దు. ముక్కను సరిగ్గా కోసి, ఆరు ముఖాలకూ, ముఖ్యంగా అంచులకు, రెజిన్ పట్టించండి. ప్లైవుడ్ నీరు తాగేది అంచులనుంచే. కింది పొర మీద చిక్కగా కలిపిన రెజిన్ పరిచి, దానిలో పలకను కూర్చోబెట్టండి. పలకలో అక్కడక్కడా సన్నని రంధ్రాలు వేసి ఉంచితే కింద చిక్కుకున్న గాలి వాటిలోంచి బయటికి వస్తుంది. రంధ్రాల్లోంచి రెజిన్ ఉబికి వచ్చిందంటే కింద ఖాళీ లేదని అర్థం. పైన ప్లాస్టిక్ కాగితం వేసి, ఇసుక సంచులు పెట్టి మర్నాటి దాకా కదపకండి.

రెజిన్ విషయంలో రెండు దారులున్నాయి. మన తీరంలో ఎక్కువగా వాడేది పాలియెస్టర్. ధర తక్కువ, పని త్వరగా అవుతుంది. ఎపాక్సీ ఖరీదైనది, కానీ పాత ఫైబరుకూ కర్రకూ దాని పట్టు చాలా ఎక్కువ. డెక్కు మరమ్మతుకు డబ్బు వీలైతే ఎపాక్సీ మేలు. ఒక నియమం గుర్తుంచుకోండి. పాలియెస్టర్ మీద ఎపాక్సీ నిలుస్తుంది, గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా నిలవదు. కనుక ఎపాక్సీతో మొదలుపెడితే ఎపాక్సీతోనే ముగించండి. ఎపాక్సీకి వాడే గాజు గుడ్డ కూడా వేరు. పాలియెస్టర్‌కు వాడే మామూలు మ్యాట్‌లో పోగులను అంటించి ఉంచే బంక పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. కాబట్టి ఎపాక్సీకి నేసిన గుడ్డ గానీ, కుట్టిన గుడ్డ గానీ అడగండి.

పాలియెస్టర్ వాడేవాళ్ళు పాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి. కిలో రెజిన్‌కు, దాన్ని గట్టిపరిచే క్యాటలిస్టు 10 గ్రాములనుంచి 20 గ్రాముల దాకా, అంటే నూటికి ఒకటి నుంచి రెండు పాళ్ళు. వేడి పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం సుమారు సగానికి తగ్గుతుంది. మన మే నెల ఎండల్లో ఒక పాలు సరిపోతుంది. ఎండ నేరుగా పడకుండా తాటాకు పందిరి వేసుకుని, మంచు ఆరిన తరువాత ఉదయం పూట పని చేయండి. క్యాటలిస్టును కంటి అంచనాతో, మూతలతో కొలిచి పోయడం మానండి, చిన్న కాటా వాడండి. పాత అంచు మీద మొదట మ్యాట్ పొర, దాని మీద రోవింగ్ అనే మందపాటి నేసిన గాజు గుడ్డ, మళ్ళీ మ్యాట్ వేయాలి. ఒక్కో పొరనూ ఇనప రోలర్‌తో నొక్కి గాలి బుడగలు పోగొట్టాలి. రెజిన్ ఎక్కువ పోస్తే బలం పెరుగుతుందని అనుకోవద్దు. ఎక్కువైన రెజిన్ పెళుసుగా మారి పగులుతుంది. ఒకేసారి మూడు నాలుగు పొరలకు మించి వేయకండి. గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి మందమైన పొర మాడి వంకరపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. దీన్ని ప్రతి మేస్త్రీ, ప్రతి కుర్రాడూ వినాలి. రెజిన్ త్వరగా గట్టిపడటానికి వాడే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ క్యాటలిస్టునూ ఎన్నడూ నేరుగా కలపకూడదు. రెండూ కలిస్తే పేలుతుంది, మంటలు లేస్తాయి. ముందు కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే క్యాటలిస్టు పోయాలి. క్యాటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది. వెంటనే పదిహేను నిమిషాలు ఆపకుండా మంచినీటితో కడిగి, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. గ్రైండింగ్ చేసేటప్పుడు కళ్ళద్దాలు, మంచి మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే గాజుదుమ్ము ఆగదు. రెజిన్ దగ్గర బీడీ, సిగరెట్ వెలిగించకండి. మిగిలిన రెజిన్ డబ్బా వేడెక్కి పొగలు రావచ్చు, దాన్ని బోటుకు దూరంగా ఆరుబయట ఉంచండి. అరగదీసిన దుమ్మును ఇసుకలో కలపకుండా గోనె పరిచి ఎత్తివేయండి. ఆ గాజుపొడి చేరేది మన చేపలుండే నీటిలోకే.

ఫైబరు పని అయ్యాక బోల్టు రంధ్రాల సంగతి. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే డెక్కు ఆయుష్షు పెరుగుతుంది. బోల్టు కంటే పెద్ద రంధ్రం వేయండి. దాన్ని చిక్కని ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకు సరిపడే రంధ్రం వేయండి. ఇక బోల్టు చుట్టూ ఎపాక్సీ గోడ ఉంటుంది, సీలెంట్ ఎప్పుడైనా చెడినా నీరు ప్లైవుడ్‌ను చేరదు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడండి, అడుగున వెడల్పాటి ప్లేటు పెట్టండి. బాత్రూముల్లో వాడే సిలికాన్ వద్దు, సముద్రంలో వాడే పాలియురేథేన్ సీలెంట్ పెట్టండి. సిలికాన్ ఒకసారి అంటిన చోట తర్వాత రంగు పట్టదు.

అప్పుడు పుట్టీ, అప్పుడు రంగు. ఎపాక్సీ వాడి ఉంటే దాని మీద సన్నని జిడ్డు పొర వస్తుంది. నీళ్ళతో రుద్ది కడిగి, ఆరాకే ఇసుక కాగితం పట్టండి. 80, 120, 220 వరసలో నున్నచేయండి. ఎపాక్సీ ప్రైమర్ వేసి, పైన రెండు భాగాల పాలియురేథేన్ రంగు బ్రష్‌తోనో రోలర్‌తోనో వేయండి. దీన్ని స్ప్రే చేయకండి, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చాలా హానికరం. ఎపాక్సీ ఎండకు పాడవుతుంది కనుక ఈ రంగు దానికి కవచం కూడా. డెక్కుకు లేత రంగు ఎంచుకోండి. ముదురు రంగు డెక్కు మధ్యాహ్నానికి పాదాలను కాలుస్తుంది, లోపలి రెజిన్‌నూ మెత్తబరుస్తుంది.

మనుషులు నడిచే చోట కాలు జారకుండా ఉండాలి. చేపల జిగురు, నీరు కలిసిన నున్నని డెక్కు మీద కాలు జారి సముద్రంలో పడితే ఒక కుటుంబం వీధిన పడుతుంది. తడి రంగు మీద శుభ్రమైన, ఎండిన సన్న ఇసుక సమంగా జల్లండి. సముద్రపు ఇసుక నేరుగా వాడవద్దు, దానిలోని ఉప్పు తేమను పీల్చి రంగును లేపేస్తుంది. మర్నాడు అంటుకోని ఇసుకను ఊడ్చి, పైన ఇంకో పూత వేయండి. బోల్టుల చుట్టూ, అంచుల వెంట రెండంగుళాలు నున్నగా వదలండి. అక్కడ నీరు నిలవదు, కడగడం తేలిక. డెక్కు నీరు పోయే కన్నాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో ఒక బిందెడు నీళ్ళు పోసి చూడండి.

రోహిణీ కార్తెలో సాయంత్రం పూట ఉరుము వానలు పడతాయి. కాబట్టి కోత, ఆరబెట్టడం ఏప్రిల్‌లోనూ, ఫైబరు పని మే మొదటి పక్షంలోనూ, రంగు రోహిణి మొదలయ్యేలోపూ ముగిసేలా చూసుకోండి. ఆఖరి వారంలో మొదలుపెడితే ఆరబెట్టే రోజుల్నే తగ్గిస్తాం, అప్పుడు చేసిన పనంతా వృథా.

ఫైబరు బోటును విప్పి కరిగించి మళ్ళీ వాడుకునే సులువైన మార్గం లేదు. పాడైన బోటు ఒడ్డున పడి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, కాల్చితే విషపు పొగ. అదే బోటుకు సమయానికి డెక్కు బాగుచేస్తే ఇంకా చాలా ఏళ్ళు నమ్మకంగా పనిచేస్తుంది. కనుక మరమ్మతంటే యజమాని డబ్బు ఆదా ఒక్కటే కాదు, తీరం శుభ్రంగా ఉండటం, కళాసీలు క్షేమంగా ఇంటికి రావడం. ఈ పని నేర్చిన చేతులు మన ఊళ్ళలో ఇంకా పెరగాలి. కొత్త తరం కుర్రాళ్ళు గ్రైండరు పట్టుకునే ముందు మాస్కు పెట్టుకోవడం, రెజిన్ కాటాలో తూచడం నేర్చుకోవాలి. మేస్త్రీలు వాళ్ళకు ఆ పద్ధతి చూపించాలి. బోటు యజమానులు ఆరబెట్టడానికి పట్టే రోజులకు కూడా కూలి ఇవ్వాలి. అప్పుడే పని సరిగా జరుగుతుంది.

జూన్ 15 తెల్లవారుజామున మీ బోటు నీట దిగేటప్పుడు, మీ డెక్కు మీద ఉన్నవాళ్ళంతా ఏ భయమూ లేకుండా వల లాగాలని కోరుకుంటున్నాను.